పోవడానికే పుట్టిన తీగ

పుంగనూరులో మా తాతల నాటి మిద్దెకు కరెంటు బోర్డు వసారా గోడకు ఉండేది. టేకు చెక్క మీద మీటరు, కింద ఇనప మెయిను, పక్కన వరసగా నాలుగు పింగాణీ కిట్‌క్యాట్లు. చాక్లెట్టు కాదు, ఫీజు తీగ చుట్టే తెల్ల దిమ్మలు. ఇల్లు చీకటైతే మా నాయన "టార్చి పట్టుకోరా" అంటూ స్టూలెక్కేవాడు. దిమ్మ పీకి, మాడిన ముక్కను గోటితో గీకేసి, వెంట్రుకంత తీగను రెండు మరల మధ్య బిగించేవాడు. మళ్లీ పోతే రెండు పోగులు. అదీ పోతే పాత వైరు చీల్చి, రాగి పోగులు నాలుగు కలిపి మెలేసి చుట్టేవాడు. "ఇంక పోదులే" అని దిగేవాడు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉండేది.

నిజానికి ఫీజు పుట్టిందే పోవడానికి. 1847లో ఫ్రాన్సులో లూయీ బ్రెగే, టెలిగ్రాఫు లైను ఆఫీసులోకి వచ్చేచోట సన్నని తీగ ముక్క వేయమన్నాడు. పిడుగు పడితే అది కరిగి తెగిపోతుంది, లోపలి యంత్రాలు దక్కుతాయి. ఎడిసన్ తన దీపాల కోసం ఇలాంటి రక్షణ తీగకు 1880 మేలో పేటెంటు తీసుకున్నాడు. న్యూయార్కు పెర్ల్ వీధి నుంచి ఆయన ఇళ్లకు కరెంటు ఇచ్చింది 1882లో. అమ్మడానికి రెండేళ్ల ముందే తెంపడం ఆలోచించాడన్నమాట! ఆ దశాబ్దంలోనే బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు విలియం ప్రీస్ తీగ లావుకూ అది కరిగే కరెంటుకూ లెక్క కట్టాడు. లావు రెట్టింపైతే కరగడానికి కావలసిన కరెంటు దాదాపు మూడింతలవుతుంది. మా నాయన నాలుగు పోగుల మెలికను ప్రీస్ చూసి ఉంటే స్టూలు లాగేసేవాడు.

మా సీమకు కరెంటు పొరుగున ఆగి, తీరిగ్గా వచ్చింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి 30 వేల వోల్టుల లైను సుమారు 147 కిలోమీటర్లు నడిచి కోలారు బంగారు గనులకు చేరింది. ఆనాటికి అంత పొడుగు లైన్లు ప్రపంచంలోనే అరుదు. కుప్పం దగ్గర సరిహద్దు దాటితే ఆ గనులే. ఇంట్లో కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని గనికి పోయినవాళ్లు కరెంటును ముందు అక్కడ చూశారు. రాష్ట్ర విద్యుత్తు బోర్డు 1959లో వచ్చింది. పల్లెలకు లైన్లు వేయడానికి అప్పులిచ్చే కేంద్ర సంస్థ 1969లో పుట్టింది. కుప్పం పల్లెల్లో కరెంటు పంచే పనిని రెస్కో అనే సహకార సంఘం చేపట్టింది.

ఆ రోజుల్లో ఇంటి లోడంటే నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. దానికి 5 ఆంపియర్ల ఫీజు బాగా ఎక్కువే. ఇప్పుడో? మా పక్కనున్న మదనపల్లె చల్లటి ఊరు. ఆ గాలి క్షయ రోగులకు మంచిదనే 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో శానటోరియం పెట్టారు. పుష్యమాసంలో అక్కడ పొద్దున్నే నీళ్లు పోసుకోవాలంటే గీజరు ఉండాల్సిందే. రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది.

మా ఫీజుల పెట్టె చూడ్డానికి మదనపల్లె నుంచి ఒక ఎలక్ట్రీషియను వచ్చాడు. టెస్టరు తీయలేదు. ముందు బోర్డు మీద అరచేతి వెనక భాగం ఆనించాడు.

"వెచ్చగా ఉంది సార్. వాసన పట్టండి."

చేప మాడినట్టు ఉంది. ప్లాస్టిక్కు, బేకలైటు వేడెక్కితే వచ్చే వాసనట అది. మూత తీస్తే పింగాణీ మీద నల్ల మరకలు, ఒక మర అరిగి తిరుగుతూనే ఉంది, రాగి పెచ్చుకు పచ్చ తుప్పు. ఫేజుకే కాదు, న్యూట్రలుకూ ఒక ఫీజు ఉంది. పాత మెయిన్లు చాలావరకు ఇంతేనట. ఆ న్యూట్రలు ఫీజు పోతే దీపం ఆరిపోతుంది గానీ వైరులో కరెంటు ఉంటుంది. ఆరింది కదా అని హోల్డరులో చెయ్యి పెడితే కొడుతుంది. నాకు అన్నిటికన్నా భయమేసింది ఇక్కడే.

"మంచి తీగ వేస్తే చాలదా అన్నా?" అన్నాను.

చాలదన్నాడు. ఫీజు వైరును కాపాడుతుంది గానీ మనిషిని కాదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో కొద్ది వంతు చాలు. 5 ఆంపియర్ల తీగకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే 30 మిల్లీఆంపియర్లు పక్కదారి పడితే చటుక్కున తెంపే ఆర్‌సీసీబీ కావాలి. దాని పక్కన ఎంసీబీలు. వీటిని 1924లో జర్మనీలో హ్యూగో స్టాట్జ్ సంస్థ తయారుచేసింది. లోడు ఎక్కువైతే లోపలి రెండు లోహాల పట్టీ వేడికి వంగి తెంపుతుంది, షార్టయితే అయస్కాంతపు చుట్ట తెంపుతుంది. తీగ చుట్టే పని లేదు, మీట పైకి లేపితే సరి.

అయితే ఇక్కడా మనవాళ్ల తెలివి ఊరుకోదు. మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టించేవాళ్లు ఉన్నారు. గోడలోని వైరు పాతదే. నాలుగు పోగుల మెలికకు కొత్త చొక్కా తొడగడమే అది. మా ఇంట్లో చెక్కపట్టీ మీద పరిచిన రబ్బరు వైర్లు కూడా తీయించాం. వేలితో వంచితే తొడుగు అప్పడంలా విరిగింది. పెట్టె ఒక్కటీ మార్చి ఊరుకుంటే డబ్బు దండగయ్యేది. మీటరు ముందున్న సీలు వేసిన కటౌటు మాత్రం లైన్‌మన్ వచ్చి తీశాడు, అది ఇంటివాళ్లు ముట్టుకోకూడదు. పెరట్లో బొగ్గు, ఉప్పు పోసి కొత్త ఎర్తు గుంత తీశారు. ఎండాకాలం దానికి బిందెడు నీళ్లు పోయమని చెప్పాడు ఎలక్ట్రీషియను.

పోయే ముందు ఆ నాలుగు కిట్‌క్యాట్లనూ గోనెసంచిలో వేసుకున్నాడు. ఎందుకన్నా అని అడిగితే, "మా తోట కాడ మోటారుకు పనికొస్తాయి సార్" అన్నాడు. మిగిలిన రాగి పోగుల చుట్టను కూడా అడిగి తీసుకున్నాడు.