కాపిశాయనము - ఉపదంశము

ప్రాచీన భారతమున ద్రాక్షామద్యమును రుచి నెఱిగి సేవించిరా, మత్తుకొరకే త్రాగిరా యను ప్రశ్న సాహిత్యచరిత్రను పఠించువారికి అప్పుడప్పు డెదురగుచుండును. ఏ మద్యమునకు ఏ భోజ్యము తగునను విచారము కేవలము పాశ్చాత్యులదని కొందరును, అదియంతయు మనవారు మున్నే యెఱుగుదురని మఱికొందరును వాదింతురు. ఈ రెండు వాదములును గ్రంథపరీక్షకు నిలువవని మా యభిప్రాయము.

మొదట దేశమును గూర్చి విచారింతము. కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ యధికరణమున, సురాధ్యక్ష ప్రకరణములో, మేదకము, ప్రసన్నము, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు మద్యములను పేర్కొనెను. ఇచట మధువనగా తేనె కాదు; ద్రాక్షరసము. తక్కినవానిలో పెక్కింటికి ద్రవ్యములను పాళ్లతో చెప్పిన కౌటిల్యుడు, మధువునకు మాత్రము పుట్టిన దేశమే వివరణమని కాపిశాయనము, హారహూరకము అను రెండు పేరుల నిచ్చెను. కాపిశాయన రూపమును పాణిని 4-2-99 సూత్రమున సాధించెను. కాపిశి నేటి ఆఫ్ఘనిస్థానమున కాబూలునకు ఉత్తరముననున్న బేగ్రామ్ ప్రాంతము. 1937, 1939 సంవత్సరములలో ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు అచట రోమను గాజుపాత్రలను, భారతీయ దంతశిల్పములను ఒక్కచోటనే వెలికిదీసిరి. దేశనామమే మద్యమునకు గుర్తింపగుట యిట్లు మనకు క్రొత్త కాదు.

ఇక భోజ్యము. త్రాగుచు నడుమనడుమ కొఱుకు పదార్థము ఉపదంశము. వాత్స్యాయనుడు కామసూత్రము మొదటి యధికరణమున ఆపానకమును వర్ణించుచు, ఉప్పు, పండ్లు, పచ్చికూరలు, చేదు, కారము, పులుపు గల ఉపదంశములను చెప్పెను. షడ్రసములలో మధుర కషాయములు మాత్ర మిందు పేర్కొనబడలేదు. తీపియు వగరును మద్యముననే యుండుటచే వానిని విడిచెనేమో యని మా యూహ. అయినను, ఏ మద్యమునకు ఏ యుపదంశమో ఆయన విభజింపలేదు.

తెలుగున 'నంజుకొనుట' ఈ యుపదంశక్రియయే. 'నంజుడు' నిఘంటువులలో మాంసార్థమున రూఢమైనది. రాక్షసునికి 'నంజుడుతిండి' యని పేరు. నంజుకొనదగినవానిలో మాంసము ముఖ్యమగుటచే ఆ పేరు దానికే నిలిచినదని తలంచుచున్నాము.

విభజనము కనబడునది చరకసంహితలో. చికిత్సాస్థానము 24వ యధ్యాయమున, వాతము అధికమైనవారికి బెల్లపు మద్యమును, పిండిమద్యమును, కఫపిత్తములు అధికమైనవారికి ద్రాక్షామద్యమును, తేనెమద్యమును హితమని చెప్పబడినది. త్రాగువేళ వాతప్రకృతికి స్నిగ్ధోష్ణములైన అన్నములు, పిత్తప్రకృతికి మధుర శీతలములు, కఫప్రకృతికి యవ గోధుమాన్నములును మిరియములతోడి జాంగలమాంసమును విధింపబడినవి.

ఈ భేదము గమనింపదగినది. నేటి పాశ్చాత్యాచారము మద్యమును వంటకముతో జతపఱచును. చరకుడు మద్యమును, వంటకమును రెండింటిని త్రాగువాని ప్రకృతితో జతపఱచెను. ఒకటి నాలుకను, రెండవది దేహమును ప్రమాణముగా గొన్నది. కావున మనకు ఈ విచారము లేదనుటయు, పాశ్చాత్యుల విచారమే మనకును గలదనుటయు సమానముగా దోషములే. మధుశబ్దము కనబడినచోటనెల్ల తేనె యనియు, నంజుడు కనబడినచోటనెల్ల మాంసమనియు అర్థము వ్రాయుట మానిననేగాని ఈ చరిత్ర మన పరిశోధకులకు చేజిక్కదు.