సర్వే నంబరు దగ్గర మారే మాస్టర్ ప్లాన్: భూవినియోగ మార్పిడి జీవోలు, మున్సిపల్ కౌన్సిళ్లు

పట్టణ పాలన మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు వరసగా చదువుతూ పోతే విసుగు పుడుతుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు పెట్టారు, రాష్ట్రాలు వాటిని మున్సిపాలిటీలకు బదలాయించలేదు, కాబట్టి పట్టణాలు అడ్డదిడ్డంగా పెరిగాయి. దాదాపు అన్నింటిలోనూ ఇదే వరస. ఆ షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఈ రెండూ బదలాయింపు ముచ్చట రాకముందే, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంతోనే, హైదరాబాద్ చుట్టుపక్కల స్థానిక సంస్థల నుంచి జారిపోయాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

భూవినియోగ మార్పిడి జీవోలు ముందేసుకుని కూర్చున్నాక, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు తిరిగాక నాకు కలిగిన అనుమానం ఇప్పుడు నమ్మకంగా స్థిరపడింది. ఏ భూమిని దేనికి వాడాలో తేల్చే జోనింగు మన దగ్గర జరిగేది సర్వే నంబరు దగ్గర. చేసేది సచివాలయం. అలా చేయడానికి వీలుగానే చట్టం రాశారు.

ఈ వాదనకు అడ్డొచ్చే పెద్ద పేరు కె.సి. శివరామకృష్ణన్. కేంద్రంలో పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసి 74వ సవరణ రూపకల్పనలో పాలుపంచుకున్న మనిషి. ఆయన్ను కాదని ఈ రంగంలో రెండు పేజీలు రాయడం కష్టం. తన 'గవర్నెన్స్ ఆఫ్ మెగాసిటీస్' పుస్తకానికి 'ఫ్రాక్చర్డ్ థింకింగ్, ఫ్రాగ్మెంటెడ్ సెటప్' అని ఉపశీర్షిక పెట్టారు. మహానగర పాలన రకరకాల సంస్థల మధ్య ముక్కచెక్కలైపోవడమే ఆయన లెక్కలో అసలు రోగం. మన పరిశోధకులు ఆ నిర్ధారణను ఉన్నదున్నట్టు హైదరాబాద్‌కు అతికించేశారు. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఒక దారి, మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఒక దారి, జలమండలి ఇంకో దారి, సమన్వయం లేదు అంటారు.

నేను ఒప్పుకోను. చీలిక కనిపించేది ఆఫీసుల బోర్డుల మీదే. 2008 చట్టం ప్రకారం హెచ్ఎండీఏకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మొదట్లో సుమారు 7,200 చదరపు కిలోమీటర్లున్న తన ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ గీసేది ఆ సంస్థ. కోకాపేటలో భూములు వేలం వేసిందీ ఆ సంస్థే. 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఫలానా సర్వే నంబరుకు జోను మార్చవచ్చని ప్రభుత్వానికి నివేదిక పంపేదీ అదే. మార్చేది పురపాలక శాఖ. వీటన్నింటి మీదా తుది మాట ఒకే చోట ఉన్నప్పుడు దాన్ని ముక్కలైన వ్యవస్థ అనడం ఎలా? నిజానికి మహానగర ప్రణాళిక గీయాల్సిన మహానగర ప్రణాళికా సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల మంది స్థానిక సంస్థలకు ఎన్నికైనవారు, తమలోంచి ఎన్నుకున్నవారై ఉండాలని రాజ్యాంగం 243జెడ్ఈ అధికరణ చెబుతోంది. దానికోసం ఉమ్మడి రాష్ట్రం 2007లో ఒక చట్టం చేసింది. మరుసటి ఏడే హెచ్ఎండీఏ చట్టం చేసింది. పెత్తనం రెండోదానికే దక్కింది.

ఇక జీవోలు. భూవినియోగ మార్పిడి జీవో ఏ ఏడాదిదైనా అచ్చు దాదాపు ఒకటే. మొదట ప్లానింగు సంస్థ అధికారి రాసిన లేఖ ప్రస్తావన. తర్వాత ముసాయిదా నోటిఫికేషన్ గెజిట్‌లో వేశామని, అభ్యంతరాలకు గడువిచ్చామని ఉంటుంది. గడువులోగా అభ్యంతరాలేవీ రాలేదన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఎలా వస్తాయి? ఊళ్లో గెజిట్ చదివేవాడెవడు? ఆ తర్వాత షరతులు. దరఖాస్తుదారు మార్పిడి రుసుం కట్టాలి. ఈ ఉత్తర్వును భూమి మీద హక్కుకు రుజువుగా చూపకూడదు. పట్టణ భూపరిమితి చట్టం నుంచి మినహాయింపు కోరడానికి దీన్నే ఏకైక కారణంగా చూపకూడదు. ఈ చివరి షరతు దగ్గర ఆగాలి. 1976 నాటి ఆ పరిమితి చట్టానికి ఉమ్మడి రాష్ట్రం 2008లోనే స్వస్తి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన జీవోల్లోనూ ఈ షరతు కనిపిస్తుంది. పాత కాగితంలో సర్వే నంబరు, ఊరి పేరు మార్చి కొత్త ఉత్తర్వు తీస్తున్నారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చివర షెడ్యూలు. ఉత్తరం ఫలానా సర్వే నంబరు, దక్షిణం ఫలానా, తూర్పు రోడ్డు, పడమర పక్క పట్టాదారు భూమి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మకం దస్తావేజుకు జతచేసే చెక్కుబందీలాగే ఉంటుంది. ఆ నాలుగు హద్దులకు అవతల ఏముందో ఉత్తర్వుకు అవసరం లేదు. ఆ పొలం ఇళ్లయితే మురుగునీరు ఏ వాగులో కలుస్తుంది, ఊరి బడి చాలుతుందా, చెరువుకు నీరొచ్చే కాలువ ఆ పొలంలోంచి పోతోందా అన్న ప్రశ్నలకు ఆ నమూనాలో చోటే పెట్టలేదు. నా వాదనకంతా ఆధారం ఈ నమూనా.

దీనికి మూలం 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, సెక్షన్ 12. ప్లాను స్వరూపం మారనంత మేరకు, భూవినియోగ విస్తీర్ణం జోలికి పోనంత మేరకు చిన్న సవరణలు చేసుకునే వీలు ప్లానింగు సంస్థకు ఇచ్చారు. అంతకు మించి ఏ సవరణైనా, తనంతట తానుగానైనా సరే, చేసే అధికారం ప్రభుత్వం ఉంచుకుంది. ఆ సెక్షన్‌లో మున్సిపల్ కౌన్సిల్ ప్రస్తావన ఎక్కడా లేదు. ఢిల్లీ అభివృద్ధి చట్టం సెక్షన్ 11ఎ పక్కన పెట్టి చదివితే పోలిక దాచినా దాగదు. ఢిల్లీ సంస్థ కేంద్రం చేతి కింద నడిచేది. ఆ ఏర్పాటును ఎన్నికైన శాసనసభ, పాత మున్సిపాలిటీలు ఉన్న రాష్ట్రంలోకి ఎందుకు తెచ్చారని మన పండితులెవరూ అడగలేదు.

అంతకుముందు ఉన్నదేమిటి? 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం. అది వలస ప్రభుత్వం చేసిన చట్టమే. తుది మంజూరు సర్కారుదే. అయినా పట్టణ ప్రణాళిక స్కీము తయారు చేయాలన్న తీర్మానం కౌన్సిల్ చేసేది. ఆ చట్టం కింద చిన్న పట్టణాల మాస్టర్ ప్లాన్లలో మార్పులు చేస్తూ ఇచ్చే జీవోల్లో ఇప్పటికీ ఒక వాక్యం కనిపిస్తుంది: ఫలానా తేదీన, ఫలానా నంబరు తీర్మానంతో మున్సిపల్ కౌన్సిల్ సిఫారసు చేసిందని. ఒకే ఒక్క వాక్యం. 1975 చట్టం కింద వచ్చిన జీవోల్లో నాకు ఆ వాక్యం కూడా దొరకలేదు. స్వతంత్ర భారతంలో మనం చేసుకున్న చట్టం 1920 చట్టం పాటి గౌరవమైనా కౌన్సిల్‌కు ఇవ్వలేదు.

ట్రిపుల్ వన్ జీవో సంగతికి వస్తాను. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలను, సుమారు 1.32 లక్షల ఎకరాలను కట్టడి చేసింది. దాని ఉద్దేశం మంచిది. సుప్రీంకోర్టు కూడా ఎం.వి. నాయుడు కేసులో ఆ జలాశయాల పక్షానే నిలబడింది. కానీ అంత భూమి మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఆ గ్రామసభల అనుమతితో పెట్టలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఎత్తేసినప్పుడు కూడా సంతకం సచివాలయంలోనే పడింది. ఆ తర్వాతి విధివిధానాలను అధికారుల కమిటీకి అప్పగించారు. మధ్యలోని 26 ఏళ్లలో ఆ వైపు రోడ్ల వెంట ఫామ్‌హౌసుల గోడలు లేచాయి. పక్కన కోకాపేట, నార్సింగి భూముల ధరలు చూసి చిన్న రైతు నలిగిపోయాడు. స్థానికులకే వదిలేస్తే జలాశయాలు ఎప్పుడో పోయేవని ఒక అభ్యంతరం ఉంది. చివరికి ఆంక్షలు ఎత్తేసింది స్థానికులు కారు గనక దాని మీద నేను ఆగను.

అక్రమ లేఅవుట్ల మూలం కూడా ఇక్కడే ఉంది. పక్క పొలం వాడికి హైదరాబాద్‌లో పలుకుబడి ఉంటే వ్యవసాయ జోను నివాస జోను అవుతుంది. పలుకుబడి లేనివాడు పొలాన్ని గజాల్లో కోసి, సర్పంచ్ సంతకంతో, పంచాయతీ ముద్రతో అమ్ముతాడు. లేఅవుట్‌కు సాంకేతిక అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదని అమ్మేవాడికీ సర్పంచ్‌కూ తెలుసు, కొనేవాడికే తెలియదు. ఆ కొన్నవాడి కోసం 2007లో ఒకసారి, 2015లో ఇంకోసారి, 2020 ఆగస్టులో జీవో 131తో మరోసారి క్రమబద్ధీకరణ పథకాలు పెట్టారు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలనిది వెంచర్ వేసినవాడు. దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాల్సింది రెండు వందల గజాలు కొనుక్కున్న గుమాస్తా, ఆటో డ్రైవరు. కట్టిన తర్వాతైనా ఆ కాలనీకి పార్కు రాదు, ఎందుకంటే స్థలమే మిగల్లేదు. 2020 పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జోనింగును అక్రమంగా దాటినవాళ్లు అన్ని లక్షల మంది ఉంటే, అసలు ఆ జోనింగుకు రాష్ట్రంలో సమ్మతే లేదని అర్థం. సెక్షన్ 12 లేకపోతే ఈ దరఖాస్తుల్లో సగమైనా పుట్టేవి కావు.

తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం, భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం గురించి పొగడ్తలు చాలా విన్నాం. 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి అది నిజమైన మేలు, కాదనను. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. కానీ అనుమతుల మీద, కూల్చివేతల మీద పెత్తనం కలెక్టర్ వైపు జరిగింది. కౌన్సిలర్‌కు మిగిలింది మొక్కలు బతికించే బాధ్యత. 85 శాతం బతక్కపోతే పదవి పోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 1975 చట్టం స్థానంలో 2016లో కొత్త చట్టం తెచ్చుకుంది. అక్కడి 2014 రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టంలోనూ అధ్యక్షుడు ముఖ్యమంత్రే.  ఢిల్లీ నమూనా వెళ్లిన ప్రతిచోటా నగరానికి ఇదే గతి పట్టింది.

చిన్న పట్టణాల్లో ప్లానింగు తెలిసిన సిబ్బంది లేరన్నది నిజమే, అధికారం ఇచ్చాక నియమించుకోవచ్చు. ప్రస్తుతానికి కావలసింది ఒక్క ఉపసెక్షన్. జోను మార్చే ఏ నోటిఫికేషనైనా, పట్టణమైతే కౌన్సిల్ తీర్మానం, గ్రామమైతే గ్రామసభ తీర్మానం జతచేయకపోతే చెల్లదు. ముసాయిదా గెజిట్‌కు పోకముందే ఆ ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో, సర్వే నంబరు, దరఖాస్తుదారు పేరుతో సహా అంటించాలి. 1975 చట్టంలో ఇది సెక్షన్ 12 కిందకు రావాలి, హెచ్ఎండీఏ చట్టంలో ప్లాను సవరణల సెక్షన్ కిందకు.