గుహ కథకు కొత్త కాపురం

ఒక ఊరిలో తరతరాలుగా కాపురమున్న కుటుంబం మరొక ఊరికి తరలిపోయేటప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: వెంట ఏవి తీసుకొనిపోవలెను, ఏవి విడిచిపెట్టవలెను? మండువా లోగిలిలోని సామానంతా పట్నంలోని రెండు గదుల యింట పట్టదు. చెన్నపట్నం చేరిన మన కుటుంబాలకు యీ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. కంప్యూటర్ల చరిత్రలోనూ ఒకప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. ఒక పెద్ద యంత్రంలో పుట్టిన కథను యింటి బల్లమీది చిన్న యంత్రంలోకి తరలించినవారు దానికి చెప్పిన సమాధానం మనకూ పనికివచ్చేది గనుక, ఆ వృత్తాంతాన్ని యీ ఉగాది సంచికలో మనవి చేస్తున్నాను.

ఇప్పటి ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్టు నిర్మాణంలో విలియం క్రౌథర్ అనే అమెరికా దేశస్థుడు పనిచేశారు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలలో తిరిగి, కొలిచి, పటాలు గీయడం ఆయనకూ ఆయన భార్య పాట్రీషియాకూ ఎంతో ప్రీతి. దాంపత్యం విడిపోయిన తరువాత, దూరమైన తన కుమార్తెలు ఆడుకొంటారని, 1975–76 ప్రాంతంలో ఆ గుహనే ఒక ఆటగా వ్రాశారు. దాని పేరు ‘అడ్వెంచర్’. అందులో బొమ్మ లేదు, పాట లేదు. యంత్రం ఒక చోటును మాటలతో వర్ణిస్తుంది. ఆడేవారు ‘దీపం తీసుకో’ అన్నట్లు రెండు మాటలు టైపు చేస్తారు. దానినిబట్టి కథ ముందుకు సాగుతుంది. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే యువకుడు, క్రౌథర్ అనుమతి పొంది, మరికొన్ని నిధులనూ చిక్కులనూ చేర్చి, 350 పాయింట్ల ఆటగా దానిని విస్తరించారు.

ఆ స్టాన్‌ఫర్డ్ మనవారికి పరాయి చోటు కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, యీ నగరంలోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టం పుచ్చుకొన్న రాజ్ రెడ్డిగారు 1966లో డాక్టరేటు పొందినది అక్కడనే. మనిషి మాటను యంత్రానికి తెలియజెప్పడం ఆయన జీవితకృషి. అందుకు 1994లో ట్యూరింగ్ బహుమానం లభించింది.

ఇక తరలింపు సంగతి. ‘అడ్వెంచర్’ నడవడానికి పెద్ద యంత్రంలో సుమారు 300 కిలోబైట్ల జ్ఞాపకశక్తి కావలసి వుండేది. కిలోబైటు అంటే రమారమి వేయి ఇంగ్లీషు అక్షరాలు పట్టే చోటు. యిండ్లలోకి వచ్చిన తొలి యంత్రాలలో వున్నది 16 లేక 32 కిలోబైట్లు మాత్రమే. ఈ చిక్కును ముగ్గురు మూడు విధాల విప్పారు. 1978లో స్కాట్ ఆడమ్స్ పాత కథ జోలికి పోక, 16 కిలోబైట్లలో యిమిడే కొత్త చిన్న కథ వ్రాశారు. 1979లో గోర్డన్ లెట్విన్ చేసిన మైక్రోసాఫ్ట్ వారి ప్రతిలో వర్ణనలన్నీ ఫ్లాపీ మీదనే వుంటాయి. ఏ గదిలో అడుగుపెడితే ఆ గది మాటలు మాత్రమే యంత్రంలోకి వస్తాయి. ఇంగ్లండులో ‘లెవెల్ 9’ సంస్థ నడిపిన ఆస్టిన్ సోదరుల మార్గం మరొకటి. ఆనాటి ఇంగ్లండులో చాలామంది యిండ్లలో ఫ్లాపీ లేదు, టేపు కాసెట్టే గతి. వారు కథలో పదేపదే వచ్చే అక్షరాల గుంపులను ఏరి, ఒక్కొక్క గుంపుకు ఒక్క గుర్తు పెట్టారు. ఆ పొదుపువల్ల 32 కిలోబైట్లలో కథ అంతా పట్టడమే గాక, మరో 70 గదులు చేర్చడానికి చోటు మిగిలింది. వారు తగ్గించినది పునరుక్తినే గాని కథను కాదు!

అదే 32 కిలోబైట్ల బి.బి.సి. మైక్రో యంత్రం 1984–85లో మొదలైన ‘క్లాస్’ పథకం క్రింద మన దేశపు పాఠశాలలకూ వచ్చింది. మరి అందులో తెలుగు కథ నడవడానికి అడ్డమేమిటి? ఆ యంత్రం ఒక్కొక్క అక్షరానికి ఇచ్చేది నిలువున ఎనిమిది, అడ్డంగా ఎనిమిది చుక్కలు. పైన గుడి, క్రింద ఒత్తు వుండే మన అక్షరం అందులో కుదురుకోదు. తనలో వున్న ఇంగ్లీషు అక్షరాలనే చూపితే తెరకు ఒక్క కిలోబైటు చాలు. మన అక్షరాలను గీయించవలెనంటే 8 మొదలు 20 కిలోబైట్ల దాకా తెరకే పోతుంది. కథ గడప దాటకముందే యిల్లు నిండిపోయినట్లయింది.

భాష స్వభావంలోనూ ఒక చిక్కు వున్నది. మూలమైన ఆట ప్రతి మాటలోనూ మొదటి ఐదు అక్షరాలనే చూసేది. ఇంగ్లీషుకు అది సరిపోయింది. మనకు ‘తీసుకొనిరా’ అన్నా ‘తీసుకొనిపో’ అన్నా మొదలు ఒక్కటే. రావడమో పోవడమో తెలిపేది చివరి అక్షరం! కనుక తెలుగు ఆట వ్రాసేవారు మాట తుదిని కూడా గమనించే యంత్రాంగం తామే కల్పించుకోవలెను. నకలు తీస్తే సరిపోదు.

ఇప్పుడు చోటుకు కరువు లేదు. 1991 నుండి యూనికోడులో తెలుగు లిపికి స్థానమున్నది. చేతిలోని ఫోనులో ఆనాటి గుహలు వేలకొద్దీ పడతాయి. గుహకు కూడా మనం కెంటకీ దాకా పోనక్కరలేదు. 1863లో ఇక్కడి పల్లావరంలో ఆదిమానవుని రాతి గొడ్డలిని కనుగొన్న రాబర్ట్ బ్రూస్ ఫుట్‌గారే 1884లో బెలుం గుహలను గురించి లోకానికి తెలిపారు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో వున్న ఆ గుహలను, యిండ్లలోకి ‘అడ్వెంచర్’ తరలివస్తున్న 1980ల తొలినాళ్లలోనే, డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మను బృందం కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. క్రౌథర్‌గారికి వలెనే మనకూ కొలిచిన గుహ సిద్ధంగా వున్నది.

మన యిండ్లలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, చదవలేని పిల్లలూ వున్నారు. చదివితే గాని ముందుకు సాగని ఆట యిది. ప్రోగ్రాములు వ్రాసే యువతీయువకులు మన సంఘంలో కొద్దిమంది కారు. వారు యంత్రం సంగతి చూసుకొంటే, గదిగదికీ వర్ణన చెప్పడానికి తాతయ్యలూ అమ్మమ్మలూ వున్నారు. క్రౌథర్‌గారు పని మొదలుపెట్టినదీ తన పిల్లలకోసమే. ఈ నూతన సంవత్సరంలో బెలుం గుహ ద్వారం ముందు మన పిల్లలు ‘దీపం వెలిగించు’ అని తెలుగులో టైపు చేసే రోజు రావలెనని ఆకాంక్షిస్తున్నాను.