హైదరాబాదు పోలీసు బంతిజట్టు

దేశచరిత్ర యనగా రాజుల యుద్ధములును, సంధులును మాత్రమేయని తలంచువారు మనలో నింకను గలరు. ఒక యూరి బడియు, గ్రంథాలయమును, ఆటజట్టును గూడ ఆ యూరి ప్రజల మనస్సును దెలుపునవియే. కావున నేడు మేము కత్తియు డాలును లేని యొక విజయగాథను, దాని వెనువెంట వచ్చిన క్షీణదశను చదువరుల ముందుంచుచున్నాము.

ఫుట్‌బాలు మన దేశమునకు ఆంగ్లసైనికులతో వచ్చినది. 1888లో సిమ్లాయందు డ్యూరాండు కప్పును, 1891లో బొంబాయియందు రోవర్సు కప్పును మొదట వారికొఱకే యేర్పడినవి. సికిందరాబాదు దండు సమీపముననే యుండుటచే హైదరాబాదు బాలురకును ఈ యాట పట్టుబడెను. 1939లో నగర పోలీసుశాఖవారు జట్టు నొకదానిని గూర్చిరి. ఆ దినములలో నెలజీతము దొరకు కొలువు పేదయింటి యాటకానికి గొప్ప యాధారము. కొలువు గలవాడు గావున నిశ్చింతగా నాడెను; ఆడగలవాడు గావున వానికి కొలువు దొరకెను.

1948 సెప్టెంబరులో నిజాము రాష్ట్రము భారతదేశమున గలిసెను. అంతకు ముందును, ఆ పిమ్మటను ఈ రాష్ట్రమున జరిగిన రక్తపాతమును మా కల్లూరు ప్రాంతపు వృద్ధులు మఱవలేదు. నాడు మా సీమయు ఆ రాష్ట్రములోని వరంగల్లు జిల్లాలోనిదే. ఖమ్మము జిల్లా 1953లో గాని యేర్పడలేదు. ఒకరినొకరు శంకించు నట్టి కాలమున, రెండేండ్లకే, 1950లో ఈ జట్టు బొంబాయిలో రోవర్సు కప్పును, ఢిల్లీలో మోహనుబగానును ఓడించి డ్యూరాండు కప్పును గొనివచ్చెను. జట్టులో మహమ్మదీయులే యధికులు. వారి గెలుపును నగరమంతయు తన గెలుపుగా నెంచినది. వేయి యుపన్యాసములు చేయలేని పనిని బంతియాట కొంత చేసెనని మేము విశ్వసింతుము.

ఈ విజయమునకు మూలపురుషుడు సయ్యదు అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియాలో చదివి, బడిపంతులైనవాడు. 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగాను, 1950 మొదలు పోలీసుజట్టునకు శిక్షకుడుగాను పాటుపడెను. అలవాటులేని కాలితోనే బంతిని దన్నవలయునను నియమముతో నొకవిధమైన పోటీలను, బంతిని తనయొద్ద నుంచుకొని మెలికలు త్రిప్పరాదను నియమముతో మఱియొకవిధమైన పోటీలను బాలురకు నేర్పఱచెను. మొదటిదానివలన రెండుకాళ్లును సమముగా సాధనపడును. రెండవదానివలన బంతిని తోడివాని కందించు గుణ మలవడును. తన నేర్పును జూపుకొనుట కంటె జట్టు గెలుపు మేలని చిన్ననాడే తెలిసినవాడు సంఘమునను మంచి పౌరుడు కాగలడు గదా!

ఫలితము ప్రత్యక్షము. 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు హైదరాబాదుకే వచ్చెను. డ్యూరాండు కప్పును 1954లోను, 1957లోను మఱల గెలిచిరి. రహీము భారతజట్టునకును శిక్షకుడై 1951లో ఢిల్లీ ఆసియాక్రీడలలో స్వర్ణపతకమును సంపాదించెను. 1952లో హెల్సింకిలో మనవారిలో పలువురు వట్టికాళ్లతో నాడి యుగోస్లావియాచేతిలో 10–1గా నోడిరి. ఆ యవమానమును పాఠముగా గైకొని, నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4–2గా గెలిచి నాలుగవస్థాన మందిరి. ఆ జట్టులో నగర పోలీసులైన అజీజుద్దీను, నూర్ మహమ్మదు లుండిరి. 1962లో జకార్తాలో దక్షిణకొరియాను 2–1గా జయించి రెండవ స్వర్ణమును దెచ్చునాటికి రహీము పుప్పుసరోగముతో కృశించుచుండెను. 1963 జూను 11న పరమపదించెను.

ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట ఆంధ్రా పోలీసుజట్టను పేరు దాల్చి, వారు 1961లో డ్యూరాండును, 1960, 1963లలో రోవర్సును గెలిచిరి. 1962లో రోవర్సును ఈస్టుబెంగాలుతో బంచుకొనిరి. తరువాత వెలుగు తగ్గెను. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో బుట్టిన తులసీదాసు బలరాము 1957లోనే కలకత్తాకు దరలెను. పలువురు నేర్పరు లదేమార్గము పట్టిరి. కాని వలసపోవుట యొక్కటియే కారణము కాదు. ఒక్క మహనీయునిపై భారమంతయు మోపి, ఆయన విద్యను బడిబడికి బంచు నేర్పాటు చేయకపోవుట మన లోపమని మేము తలంతుము. దీపము వెలుగుచుండగా రెండవవత్తి నంటించుకొనని యింట చీకటి తప్పదు.

పిదప 2019లో స్థాపితమైన హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళజట్టును జయించి ఇండియను సూపరు లీగు గెలిచెను. మూడేండ్లు గాకమునుపే ధనపు చిక్కులలోబడి, 2025లో ఢిల్లీకి తరలి పేరును మార్చుకొనెను. వేతనపు ధనముతో తెచ్చిన జట్టు ధనముతోడనే తరలిపోయినది. నేలలో వేరూనినది మాత్రము అట్లు కదలదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. మీ పిల్లలను, ఆడపిల్లలనుగూడ, సాయంకాలమున మైదానమునకు బంపుడు. బడి యావరణలోని యాటస్థలమును ఆక్రమింపజూచువారు గలరేని పదిమంది గూడి యడ్డగింపుడు. ఆటను నేర్పు పంతులును లెక్కలు చెప్పు పంతులుతో సమానముగా గౌరవింపుడు. రహీము బడిపంతులే యని మఱవకుడు.