నవ్వు చాటున సైనికుని గాయము

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములకు పగటివేషములు క్రొత్తవి కావు. కూచిపూడివారు వేషము ధరించి, పెద్దలయెదుట మామూలుగా పలుకరాని మాటను నవ్వించుచు పలికెడివారు. వేషగానిపై కోపించినచో కోపించినవానికే చిన్నతనము. ఈ భాగవతులే విజయనగర ప్రభువునెదుట సిద్ధవటపు సమ్మెట గురవరాజు దౌర్జన్యమును ఆడి చూపిరని మాచుపల్లి కైఫియత్తు తెలుపుచున్నది. సూటిగా చెప్పరాని సత్యమునకు వేషమొక త్రోవ.

యుద్ధరంగమున సైనికునకు అట్టి త్రోవయే అక్కరకు వచ్చినది. ఫిరంగి గుండ్ల నడుమ చూపును, జ్ఞాపకశక్తిని కోల్పోయినవారి స్థితిని చార్లెస్ మయర్సు అను వైద్యుడు 1915లో 'షెల్ షాక్' అను పేర వర్ణించెను. అయినను సైన్యమున పలువురు దానిని పిరికితనమనియే తలచిరి. పిరికివారని, పారిపోయిరని ఆ యుద్ధమున కాల్చి చంపబడిన 306 మంది బ్రిటిషు సామ్రాజ్య సైనికులకు 2006లో గాని క్షమాపణ లభింపలేదు. వారిలో మనసు చెదరినవారును ఉండిరి.

1916 ఫిబ్రవరిలో ఈప్రు పట్టణ శిథిలములలో దొరికిన అచ్చుయంత్రముపై ఫ్రెడ్ రాబర్ట్సు, జాక్ పియర్సన్ అను సేనాధికారులు 'వైపర్స్ టైమ్స్' అను హాస్యపత్రికను ముద్రించిరి. అంతయు శుభమే యగునను నమ్మకమును ఒక రోగముగా వర్ణించి, దానిని కుదుర్తుమని వారొక వేడుక ప్రకటన వేసిరి. భయపడితినని చెప్పజాలని సైనికుడు దానిని చదివి నవ్వగలిగెను.

మన దేశమున అహమ్మదునగరులో 1918లో జన్మించిన స్పైక్ మిల్లిగన్ 1944 జనవరిలో ఇటలీ రంగమున గాయపడి, మనసు చెదరి, తన చిన్న హోదాను సైతము కోల్పోయెను. 1951 నుండి 1960 వరకు బీబీసీ రేడియోలో శ్రోతలను నవ్వించిన 'గూన్ షో'కు ప్రధాన రచయిత ఆయనయే. ఆ రచనాకాలమునను ఆయనకు ఆస్పత్రి తప్పలేదు. నవ్వు ఆయన వ్యాధిని మాన్పలేదు. దానిని దాచక చెప్పు ధైర్యమును మాత్రము ఇచ్చినది. తరువాత తన యుద్ధస్మృతులలో ఆ కథను ఆయనయే వ్రాసెను.

ఇచట ఒక భేదము గమనింపవలెను. మనసు చెదరినవానిని చూచి మనము నవ్వినచో అతని సిగ్గు పెరుగును. అతడే తన బాధను నవ్వుగా చెప్పినచో ప్రక్కవాడు కూడ నోరు విప్పును. నవ్వు తలుపు తీయును, లోపల వైద్యుడుండవలెను. 2023 డిసెంబరు 1న పూణేలోని సాయుధదళముల వైద్య కళాశాలలో సైనికులకును, వారి కుటుంబములకును టెలీ మానస్ ప్రత్యేక విభాగము ప్రారంభమైనది. టెలీ మానస్ ఫోను సంఖ్య 14416.

సెలవుపై ఇల్లు చేరిన సైనికుడు వేడుకగా చెప్పిన మాటలలో ఒకటి బరువుగా వినబడినచో, నవ్వి ఊరకుండక మరల అడిగి వినుట మన ధర్మము.