రాయడం నేరమైన దేశంలో పిల్లల పుస్తకాలు

1740లో సౌత్ కరోలినాలో ఒక చట్టం చేశారు. అప్పటికి అమెరికా అనే దేశం ఇంకా పుట్టలేదు, అది ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న వలస ప్రాంతం. బానిసకు రాయడం నేర్పినవాడికి వంద పౌన్ల జరిమానా. బానిసచేత రాతపని చేయించుకున్నా అంతే. గమనించండి, ఆ చట్టం చదవడం జోలికి పోలేదు. బానిసలు బైబిలు చదువుకుంటే వినయం అలవడుతుందని చాలామంది దొరలు అనుకునేవారు. వాళ్ల భయమంతా రాత గురించే. అంతకుముందు ఏడాదే స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. తోట దాటి అడుగు బయటపెట్టాలంటే బానిస దగ్గర దొర రాసిచ్చిన చీటీ ఉండాలి. రాయడం వచ్చినవాడు ఆ చీటీ తనే రాసుకుంటాడు.

నేను పుట్టింది సూర్యాపేట జిల్లా మఠంపల్లిలో. ఇప్పుడు ఉండేది కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గర్లో. ఇక్కడ పేదపిల్లలను కూర్చోబెట్టుకుని వాళ్లచేత కథలూ కవితలూ రాయించే స్వచ్ఛంద సంస్థలు ఎన్నో ఉన్నాయి. బడి అయిపోయాక పిల్లలు వస్తారు, రాస్తారు, రాసింది పుస్తకంగా అచ్చవుతుంది. ఒక్క పైసా తీసుకోరు. ఈ సంగతి ఊళ్లో చెబితే, "పైసలున్నోళ్ల దేశం, ఏమన్న చేస్తరు" అంటారు మావాళ్లు. ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాను. ఈ పని డబ్బులోంచి పుట్టలేదు. కలం పట్టుకోవద్దని చట్టం చేసి మరీ ఆపితే, ఆ కలం కోసం కొట్లాడిన జనంలోంచి పుట్టింది. ఆ చరిత్ర తెలియకుండా ఈ సంస్థలను చూస్తే ఏదో కాలక్షేపంలాగే కనబడతాయి.

ఫ్రెడరిక్ డగ్లస్ కథ వినండి. బాల్టిమోర్‌లో ఒక బానిస పిల్లవాడు. యజమాని భార్య అక్షరాలు చెప్పడం మొదలుపెడితే భర్త ఆపించాడు. పిల్లవాడు ఆగలేదు. ఇంట్లోంచి రొట్టెముక్కలు జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లి, ఆకలిగా ఉన్న తెల్లపిల్లలకు అవి పెట్టి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. అది చదువు సంగతి. రాత నేర్చుకున్నది ఓడలు కట్టే చోట. వడ్రంగులు దుంగను చెక్కి, అది ఓడలో ఏ పక్కకు పోవాలో దానిమీద ఒకటి రెండు అక్షరాలు రాసేవారు. ఎడమవైపు అయితే 'ఎల్', కుడివైపు అయితే 'ఎస్', ఎడమవైపు ముందుభాగానికి 'ఎల్ ఎఫ్'. అవి చూసి చూసి నాలుగక్షరాలు వంటబట్టాయి. తర్వాత రాయడం వచ్చిన కుర్రాడు ఎవడు కనబడినా, "నీకంటే నేను బాగా రాస్తా" అని పందెం కాసేవాడు. "ఏదీ, రాయి చూద్దాం" అంటే తన నాలుగక్షరాలు రాసి చూపించేవాడు. పంతానికి ఆ కుర్రాడు ఇంకా నాలుగు రాసేవాడు. అవి ఇతనికి పాఠం. పలక లేదు, కాగితం లేదు. చెక్క కంచె, ఇటుక గోడ, రోడ్డు, చేతిలో సుద్దముక్క.

1836లో డగ్లస్, మరికొందరు పారిపోవడానికి సిద్ధమయ్యారు. అందరికీ చీటీలు రాసింది అతనే, దొర రాసినట్టుగా. 1740 చట్టం దేనికి భయపడిందో సరిగ్గా అదే. విషయం బయటపడి పట్టుబడ్డారు. డగ్లస్ తన చీటీని పొయ్యిలో పడేశాడు, మిగతావాళ్లు తమవి రొట్టెతో కలిపి నమిలి మింగేశారు. రెండేళ్లకు, 1838లో, మళ్లీ ప్రయత్నించి బయటపడ్డాడు. 1845లో తన జీవితకథ అచ్చువేశాడు. ఈ దేశంలో బడిపిల్లలు ఇప్పటికీ చదివే పుస్తకం అది.

బానిసత్వం 1865లో పోయింది. బళ్ల మధ్య గోడలు మాత్రం ఇంకో వందేళ్లు నిలిచాయి. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో పౌరహక్కుల కార్యకర్తలు 'ఫ్రీడమ్ స్కూల్స్' తెరిచారు. నలభైకి పైగా బళ్లు, రెండు వేలకు పైగా విద్యార్థులు. చర్చిల్లో, వసారాల్లో, చెట్లకింద నడిచాయి. వాటిలో చాలాచోట్ల పిల్లలే పత్రికలు నడిపారు, వాళ్లే రాసి, వాళ్లే కాపీలు తీసి పంచారు. మెకోమ్ అనే ఊళ్లో కార్యకర్తలున్న ఇంటిమీద బాంబు పడింది. భయానికి పెద్దలెవరూ బడికి చోటివ్వలేదు. బాంబు పడిన ఆ ఇంటిముందు పచ్చికలోనే పాఠాలు సాగాయి. జాయిస్ బ్రౌన్ అనే విద్యార్థిని ఒక కవిత రాసింది. మేం పిల్లలం నిలబడ్డాం, మీరు తలుపులు మూసుకున్నారని తన ఊరి పెద్దలనే నిలదీసింది. ఆ తర్వాత చర్చి తలుపులు తెరుచుకున్నాయి. కవితవల్ల ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ సంగతే.

మరుసటి ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని నల్లవాళ్లుండే వాట్స్ పేట అల్లర్లలో ఆరు రోజులు తగలబడింది. 34 మంది చనిపోయారు. బడ్ షుల్‌బర్గ్ అని హాలీవుడ్ సినిమాలకు రాసిన తెల్లాయన ఆ పేటకు వెళ్లి, రచన నేర్చుకోదలచినవాళ్లు పేరు రాయండని ఒక కాగితం అంటించాడు. వారాల తరబడి ఒక్కరూ రాలేదు. ఆయన మాత్రం వచ్చి కూర్చునేవాడు. చివరికి ఒకరు, తర్వాత ఇద్దరు, తర్వాత గది నిండింది. 1967లో వాళ్ల రచనలు పుస్తకంగా వచ్చాయి. 1973లో వాళ్లు కట్టుకున్న వర్క్‌షాప్ కాలి బూడిదైంది. తగలబెట్టింది తానేనని, అప్పట్లో ఎఫ్‌బీఐకి సమాచారమిచ్చే పనిలో ఉన్నానని ఒకతను తర్వాత బయటపెట్టాడు. పేటలో కుర్రాళ్లు కవిత్వం రాసుకునే గదిమీద ప్రభుత్వం నిఘా పెట్టిందంటే, 1740 నాటి భయం ఎంత లోతుగా ఉండిపోయిందో ఆలోచించండి.

అదే 1967లో న్యూయార్క్‌లో కొందరు రచయితలు, ఉపాధ్యాయులు కలిసి 'టీచర్స్ అండ్ రైటర్స్ కొలాబరేటివ్' పెట్టారు. జూన్ జోర్డన్ అనే నల్లజాతి కవయిత్రి, టెరీ బుష్ అనే ఉపాధ్యాయిని శనివారాలు పిల్లలను పోగేసి రాయించారు. ఆ పిల్లల కవితలు 1970లో పుస్తకంగా వచ్చాయి. కెనెత్ కోక్ అనే కవి మన్‌హటన్‌లో ఒక సర్కారు బడికి వెళ్లాడు. ఆయన పెట్టిన నియమం చాలా చిన్నది: ప్రతి పంక్తీ 'నాకు ఇలా ఉంటే బాగుండు' అని మొదలవ్వాలి. ప్రాస అక్కర్లేదు, అక్షరదోషాల లెక్క లేదు. తలా ఒక పంక్తి రాస్తే తరగతి మొత్తానికి ఒక కవిత. "నాకు రాయడం రాదు" అనే పిల్లవాడు కూడా ఒక్క కోరికైనా చెప్పగలడు కదా. చిన్నపిల్లలకు ఇంతకంటే మంచి మొదటి పాఠం నేను చూడలేదు.

తొంభైల్లో ఇవి ఊరూరా పెరిగాయి. డెట్రాయిట్‌లో 'ఇన్‌సైడ్ అవుట్', శాన్ ఫ్రాన్సిస్కోలో 'యూత్ స్పీక్స్', న్యూయార్క్‌లో ఆడపిల్లల కోసం 'గర్ల్స్ రైట్ నౌ'. 2001లో లాస్ ఏంజెలెస్‌లో 'రైట్ గర్ల్' మొదలైంది. మాట సరిగ్గా పలకలేని ఒక అమ్మాయి, ఒంటరి తల్లి పెంచిన పిల్ల, అక్కడికి వెళ్లి రాయడం సాధన చేసింది. ఆమె పేరు అమాండా గోర్మన్. 2021 జనవరి 20న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం రోజున, 22 ఏళ్ల వయసులో, దేశమంతా చూస్తుండగా తన కవిత చదివింది.

నాకు దగ్గరగా ఉన్నది '826 వలెన్సియా'. శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో 2002లో డేవ్ ఎగర్స్ అనే రచయిత, నీనివే కాలెగరీ అనే ఉపాధ్యాయిని మొదలుపెట్టారు. మెక్సికో, మధ్య అమెరికా దేశాలనుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేట అది. ఆ వీధిలో దుకాణాలకే అనుమతి, ఏదో ఒకటి అమ్మాల్సిందే. సరే అని సముద్రపు దొంగలకు కావలసిన సామాను దుకాణం పెట్టారు. కంటి పట్టీలు, గాజు కళ్లు, జెండాలు. పిల్లలు కుతూహలంతో లోపలికి వస్తారు, వెనక బల్లల దగ్గర కూర్చుని రాస్తారు. వచ్చే దారిలో సిగ్గు ఉండదు. ఇది 'వెనకబడిన పిల్లల ట్యూషన్' అని బయట బోర్డు ఉంటే ఎంతమంది వచ్చేవారు?

బడినుంచి ఒక తరగతి పిల్లలు అక్కడికి వస్తే జరిగేది చెబుతాను. అందరూ కలిసి నోటితో కథ అల్లుతారు. ఒక పెద్దమనిషి దాన్ని టైపు చేస్తుంటాడు, ఒక చిత్రకారుడు బొమ్మలు వేస్తుంటాడు. పైన ఎక్కడో కంటికి కనబడని ఒక చిరాకు ప్రచురణకర్త ఉంటాడు. కథ బాగాలేకపోతే అచ్చు వేయనని అరుస్తుంటాడు, పిల్లలు అతనిమీద పంతం పడతారు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేస్తారు. ముగింపు ఎవరిది వాళ్లే రాసుకోవాలి. రెండు గంటలయ్యేసరికి ఒక్కో పిల్ల చేతిలో కుట్టిన పుస్తకం, దానిమీద రచయితగా తన పేరు, తన ఫొటో. ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి తన పేరు దగ్గరే ఆగిపోయే పిల్ల ముఖం చూస్తే, ఈ పని ఎందుకు చేయాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఈ 826 కేంద్రాలు న్యూయార్క్, చికాగో, బోస్టన్, న్యూ ఆర్లిన్స్ లాంటి నగరాల్లోనూ ఉన్నాయి.

ఇవి నడిచేది విరాళాలతో. ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. పెద్ద ఫౌండేషన్లు కొంత ఇస్తాయి, ప్రభుత్వ గ్రాంటు కొంత. ఆ గ్రాంటును నమ్ముకోవడానికి లేదు. 2025 మే నెలలో కళలకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఎన్నో సంస్థలకు మంజూరు చేసిన సొమ్మును ఒక్కసారిగా రద్దు చేసింది. అయినా బల్లల దగ్గర కూర్చునేవాళ్లు జీతగాళ్లు కారు, ఉద్యోగాలు చేసుకుంటూ వారానికి రెండు గంటలు ఇచ్చే మనుషులు. వాళ్లున్నంతకాలం గది నడుస్తుంది.

ఇక మన సంగతి. నిజాం రోజుల్లో సొంతంగా ఒక తెలుగు బడి పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోల్కొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇంకొకరి ఇంట వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు, విజయవాడ హోటల్లో సర్వరుగా పనిచేశాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు, 'ప్రజల మనిషి' నవల రాశాడు. నిజామాబాద్ జైల్లో ఆయనతోపాటు ఉన్న దాశరథి గోడమీద బొగ్గుతో పద్యాలు రాశాడు. బాల్టిమోర్ గోడమీద సుద్దముక్క గురించి చదివినప్పుడు నాకు ఆ బొగ్గే గుర్తొచ్చింది. కాబట్టి ఇది అమెరికానుంచి అరువు తెచ్చుకోవాల్సిన విద్య కాదు.

మరి ఇవాళ మఠంపల్లి పిల్ల ఏం రాస్తున్నది? తెలుగు పాఠ్యపుస్తకంలో సృజనాత్మకత అనే శీర్షిక కింద, మీ ఊరి గురించి కవిత రాయండి అని ప్రశ్న ఉంటుంది. గైడులో దానికి కూడా జవాబు ఉంటుంది. పిల్లలందరూ ఒకే ఊరి గురించి ఒకే కవిత రాస్తారు. నాతో చదువుకున్న ఒక తెలుగు మాస్టారిని ఫోన్లో అడిగాను. "ఏం జెయ్యాలన్నా, సిలబస్ కావాలె, పదో తరగతి రిజల్ట్ రావాలె. సొంతంగ రాస్తె మార్కులు పోతయని పిల్లలకే భయం" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

కానీ ఆ పిల్లల దగ్గర ఉన్న సంగతులు ఏ గైడు రాసేవాడి దగ్గరా లేవు. క్వారీలో పేలుడు జరిగితే ఇంట్లో గిన్నెలు ఎలా అదురుతాయో, సిమెంటు లారీలు పోయాక ఆరేసిన బట్టలు ఏ రంగులో ఉంటాయో వాళ్లకు తెలుసు. సాగర్ ఎడమకాలువకు నీళ్లు రాని ఏడు నాన్న ఎట్లా మాట్లాడతాడో తెలుసు. మిరపకాయ కోతలకు పోయిన అమ్మ చేతులు రాత్రి ఎట్లా మండుతాయో తండా పిల్లకు తెలుసు. పులిచింతల నీళ్లకింద మునిగిన ఊళ్లనుంచి లేచివచ్చిన ఇళ్లలో తాతలు ఏం తలుచుకుంటారో మనవళ్లు రాయకపోతే ఎవరు రాస్తారు? ఇది తెలుగులో కుదిరే పనే అనడానికి రుజువు కావాలంటే శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లికి వెళ్లండి. అక్కడి ప్రకృతిబడి పిల్లలతో 2008లో మొదలైన 'కొత్తపల్లి' మాసపత్రికలో పిల్లలు రాసిన కథలు, వేసిన బొమ్మలు అచ్చయ్యాయి.

ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లు తమ పిల్లలకు తెలుగు పోకూడదని మనబడి తరగతులు పెట్టుకున్నారు, మంచి పని. ఊరికి పంపే డబ్బుతో ఆర్చీలు, వాటర్ ప్లాంట్లు కట్టించారు. అవీ కావాలి. ఈసారి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఇంకొకటి చర్చకు పెట్టండని హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట వాళ్లందరినీ అడుగుతున్నాను. శనివారం సాయంత్రం రెండు గంటలు, బళ్లో ఒక గది, ఓపికగా వినే ఇద్దరు పెద్దలు. మొదటి నెల దోషాలు దిద్దకండి. పిల్ల ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయనివ్వండి, లంబాడీ మాటలైతే వాటినే తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. ఏడాది చివర కోదాడలోనో సూర్యాపేటలోనో ప్రెస్సుకు ఇచ్చి రెండు వందల ప్రతులు వేయించండి, అట్టమీద పిల్లల పేర్లతో. ఇంటికొక ప్రతి, కొన్ని ఊరి గ్రంథాలయానికి.

గది ఇచ్చే బడి, కూర్చునే ఉపాధ్యాయులు మీరు చూడండి. మఠంపల్లి మండలంలో మొదటి పుస్తకానికి అచ్చుఖర్చు నేను పెట్టుకుంటాను.