మామిడిపండు ఐస్‌క్రీం

వేసవిలో మామిడిపండు గుజ్జు, పాలు, మీగడ, చక్కెరలతో ఇంట్లో చేసుకునే చల్లని తీపి వంటకం. పీచులేని పండు దీనికి శ్రేష్ఠం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి అందుకు సరిగ్గా సరిపోతుంది. రసాలు వాడితే గుజ్జును తప్పక వడకట్టాలి.

అర లీటరు చిక్కటి పాలను సగానికి మరిగించి, చక్కెర కరిగించి, పూర్తిగా చల్లార్చాలి. ఆ తర్వాతే రెండు పండ్ల గుజ్జు, కప్పు మీగడ కలపాలి. వేడి పాలలో పుల్లటి గుజ్జు పడితే పాలు విరిగిపోతాయి. గడ్డకట్టాక తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి చక్కెర కాస్త ఎక్కువే వేయాలి.

పండ్ల ఐస్‌క్రీంకు అసలు చిక్కు నీటితోనే. గుజ్జులోని నీరు కదలిక లేకుండా గడ్డకడితే పెద్ద స్ఫటికాలై, నోటికి ఇసుకలా తగులుతుంది. అందుకే ఫ్రీజర్‌లో పెట్టిన మిశ్రమాన్ని గంటకోసారి తీసి, మూడు నాలుగుసార్లు బాగా గిలకొట్టాలి. ఫ్రీజర్ లేని రోజుల్లో ఈ పని చేతితో తిప్పే బకెట్టు చేసేది. బకెట్టులో మిశ్రమం ఉన్న డబ్బా చుట్టూ మూడు వంతుల మంచుకు ఒక వంతు కల్లుప్పు చొప్పున నింపేవారు. ఉప్పు కలిసిన మంచు సున్నా డిగ్రీలకన్నా చాలా దిగువన కరుగుతూ, మిశ్రమంలోని వేడిని లాగేసుకుంటుంది. హైదరాబాదు మొజంజాహి మార్కెట్ దుకాణాలు పండ్ల ఐస్‌క్రీంకు పేరుపొందినది ఈ పద్ధతితోనే. నునుపులో దీనికి ఫ్రీజర్ పద్ధతి సాటిరాదు.

ఒకసారి కరిగిన ఐస్‌క్రీంను మళ్లీ గడ్డకట్టించి తినకూడదు.